సున్నా అంటే

రాత్రి రెండుంబావు.
రాజోలు ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
ఏడు పెట్టెలకి ఏడు పాయల పేర్లు:
గౌతమి, వృద్ధ గౌతమి, తుల్య, ఆత్రేయ,
భారద్వాజ, వసిష్ఠ, కౌశిక.
పేర్లు పెట్టినాయన ఉద్యోగం మానేశాడు
పాస్‌వర్డులు గోడ మీద పెన్సిలుతో రాసేసి.

తెర మీద ఎర్రగీత.
మెమరీ తొంభై ఆరు శాతం.
కౌశిక చచ్చిపోయిందని పక్కనే ఇంకో కబురు.

అవతల సముద్రం వైపు
నూట పద్నాలుగు రొయ్యల చెరువుల ఊపిరి
ఈ పెట్టెలే లెక్కపెడతాయి.
తెల్లారగట్ల నీళ్ళలో ప్రాణవాయువు పడిపోయే వేళకి
ఇవి నోరు మూసుకున్నాయా,
ఏరేటర్లు తిరగవు.

నాకు ముందున్న కుర్రాడైతే
అన్నీ ఆర్పి వెలిగించేవాడు.
గీత పచ్చబడేది.
వారం తిరక్కుండా మళ్ళీ ఎరుపు.
నా వేలూ మీట మీదికే పోయింది.

ఫ్లాస్కుతో టీ తెచ్చారు ఏసురత్నం గారు,
మా వాచ్‌మన్. అంతకు ముందు ముప్పై ఏళ్ళు
లాకుల దగ్గర లస్కరు.
"నిండిపోయిందండీ" అన్నాను.
"నిండితే ఏటండి? పొర్లిందా?"
తెలీదన్నాను.
"సార్వాలో కాలవ గట్టుకి జానెడు కిందదాకా ఉంటాదండి.
అది ఖర్చయిన నీరు కాదు, చేతిలో ఉన్న నీరు.
శివారోళ్ళు కబురెడితే తలుపెత్తడమే. ఆయ్."

మళ్ళీ అంకెల దగ్గరికొచ్చాను.
వాడినది ఇంత, ఖాళీ ఇంత
అని అక్కడే ఆగిపోతూ వచ్చాం ఇన్నాళ్ళూ.
చివరి గడి ఎవరూ చదవలేదు:
అడిగితే ఇవ్వగలిగింది, ఇరవై ఒక్క జీబీ.
ఒకసారి చదివిన ఫైళ్ళని
మళ్ళీ అడుగుతారేమోనని దగ్గర పెట్టుకుందంతే,
కొత్తవాళ్ళొస్తే లేచి చాప ఇచ్చేస్తుంది.

కౌశిక బతికే ఉంది.
దాని గడియారం ఏడు నిమిషాలు వెనకబడి
చెప్పినవన్నీ పాచికబుర్లయ్యాయి.
పేరుకు తగ్గట్టు అంతర్వాహినే, పాపం.

వృద్ధ గౌతమి ఒక్కటే నిజంగా ఆయాసపడుతోంది.
అక్కడ చివరి గడి కూడా అడుగంటింది,
డిస్కు మీదికి చెమ్మలా పాకుతోంది జ్ఞాపకం.
ఎవరు తింటున్నారని వరస పెట్టి చూద్దును కదా,
అందరి మీదా కాపలా పెట్టిన ప్రోగ్రామే!
పదకొండు జీబీ.
కంచే చేను మేసింది.

దాని పొట్ట విప్పితే అన్నీ పేర్లు.
పీకేసిన మీటర్లు, తుప్పుపట్టిన పంపులు,
పూడ్చేసి కొబ్బరి మొక్కలు పెట్టిన చెరువులు,
ఒక్కటీ వదల్లేదు.
మరుపు గడువు అన్నచోట ఎవరో సున్నా రాశారు.
సున్నా అంటే వెంటనే మరిచిపొమ్మని అనుకుని ఉంటారు.
దీని భాషలో సున్నా అంటే
ఎన్నటికీ మరవొద్దని.

ముప్పయ్యేడో చెరువు.
చివరి రీడింగు ఒకటి పాయింటు ఎనిమిది,
వేళ నాలుగూ నలభై.
అంతే, ఆ తర్వాత ఏమీ లేదు.
నేను రాకముందు సంగతి.
ఏసురత్నం గారిని అడిగితే
"చెల్లుబోయిన వారిదండి" అని
కప్పులో మిగిలిన టీ కిటికీలోంచి పారబోశారు.

సున్నా చెరిపి ఒక రోజు అని రాశాను.
రోజంటే ఎనభై ఆరువేల నాలుగు వందల సెకన్లు.
ఎంటర్ కొట్టే ముందు మాత్రం కాసేపు ఆగాను.

నాలుగున్నరకి చీకట్లో ఎక్కడో
ఏరేటర్లు ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి.
ఆరు పెట్టెల్లో గీత ఎర్రగానే ఉంది, ఉండనిచ్చాను.
ఏడోది మాత్రం
లాకు తీసిన నీళ్ళలా మెల్లగా దిగుతోంది.

పెన్సిలు కోసం వెతికి
గోడ మీద పాత రాతల కింద నేనూ రాశాను:
చివరి గడి చూడు.
దాని కింద, ఎవరికి పనికొస్తుందో తెలీకుండానే,
ముప్పయ్యేడు. ఒకటి పాయింటు ఎనిమిది. నాలుగూ నలభై.